నల్లమల ఘాట్‌లో రైళ్ల వీడియోకు ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్: నాలుగేళ్లు వాడాక

75 మిల్లీమీటర్ల గిన్నె (హెడ్ కూర్చునే గుండ్రటి గుంట) ఉన్న అల్యూమినియం ట్రైపాడ్, దాని మీద ఫ్లూయిడ్ హెడ్ (లోపలి గ్రీజు వల్ల కెమెరాను మెత్తగా తిప్పే భాగం). రెండూ కలిపి ఐదున్నర కిలోలు. నాలుగేళ్లుగా పాలమూరు నుంచి కారు డిక్కీలో నల్లమలకు, అప్పుడప్పుడు అరకుకు వెళ్లొచ్చిన సామాను ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే అచ్చు, వాటి రోగాలూ ఒకటే.

కొత్త కెమెరా కొనాలా, మంచి హెడ్ కొనాలా అని ఊగుతుంటే హెడ్ కొనండి. ఘాట్‌లో ఏడు వందల మీటర్ల గూడ్స్ బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే, ఇంజను నుంచి చివరి పెట్టె దాకా దాటడానికి నిమిషం పైనే పడుతుంది. మలుపులో ఆ నిమిషమంతా కెమెరా తిరుగుతూనే ఉండాలి. అక్కడ పట్టుబడేది సెన్సార్ కాదు, హెడ్.

మొదటి ఆర్నెల్లు బాగానే ఉంది. తర్వాత పాన్ (కెమెరాను పక్కకు తిప్పడం) మొదలుపెట్టేటప్పుడు కుదుపు వచ్చింది. చెయ్యి కదులుతుంది, హెడ్ కదలదు, ఉన్నట్టుండి వదిలేస్తుంది. తెర మీద ఇంజను ముక్కు గెంతినట్టు కనబడుతుంది. కారణం లోపలి గ్రీజు. ఏప్రిల్, మే ఎండలో డిక్కీలో గంటలకొద్దీ ఉంటే పలచబడి ఒక పక్కకు చేరుతుంది, మిగతా చోట పొడిబారుతుంది. వీడియో తీసే ముందు డ్రాగ్ (తిప్పేటప్పుడు హెడ్ చూపే బిగువు) తగ్గించి హెడ్‌ను అటు పది చుట్లు, ఇటు పది చుట్లు తిప్పండి, టిల్ట్ కూడా పైకీ కిందికీ ఆడించండి. సగం కుదుపు అక్కడే పోతుంది. మిగతా సగానికి సైకిల్ ట్యూబు ముక్క. వేలెడు వెడల్పు రింగు కోసి హ్యాండిల్ చివర తొడిగి, హ్యాండిల్‌ను కాకుండా ఆ రబ్బరును పట్టి లాగండి. మొదటి తోపు రబ్బరు సాగడంలో పోతుంది, హెడ్ మెత్తగా కదులుతుంది. వేల రూపాయలు ఖర్చు చేసినా రాని నునుపు ఈ రబ్బరు ముక్కతో వస్తుంది.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. డ్రాగ్ చాలట్లేదని లాక్ నాబ్‌ను సగం బిగించి పాన్ చేస్తారు. లాక్ ఉన్నది ఆపడానికి, బిగువు సరిచేయడానికి కాదు. అలా వాడితే లోపలి ప్యాడ్ అరిగి, కొన్నాళ్లకు పూర్తిగా బిగించినా హెడ్ జారుతుంది. డ్రాగ్ ఎప్పుడూ మధ్యలో పెట్టుకోండి. రైలు ఫ్రేములోకి రాకముందే పాన్ మొదలుపెట్టండి. కదులుతున్న హెడ్‌కు కుదుపు ఉండదు. నిలబడేటప్పుడు పాదాలు పాన్ ముగిసే వైపు ఉండాలి, నడుము తిప్పి మొదలుపెట్టాలి. ఎదురుగా వచ్చే ఇంజను వైపు పాదాలు పెట్టి నిలబడితే, గార్డు పెట్టె దగ్గరకొచ్చేసరికి ఒళ్లు మెలి పడి చెయ్యి వణుకుతుంది.

కౌంటర్ బ్యాలెన్స్ (వంచిన కెమెరా వాలిపోకుండా ఆపే ఏర్పాటు) ఈ ధరలో మార్చుకునే రకం కాదు, ఒకే స్ప్రింగు. రెండు మూడు కిలోల బరువుకు కట్టి ఉంటుంది. ఒకటిన్నర కిలోల కెమెరా, లెన్సు పెడితే ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. కొనే ముందు కొట్లోనే చూడండి: డ్రాగ్ సున్నాకు తెచ్చి, కెమెరాను ముప్పై డిగ్రీలు వంచి చెయ్యి తీసేయండి. ఉన్నచోట ఉంటే మీ బరువుకు సరిపోయింది. లేస్తే పవర్ బ్యాంకును కూడా కెమెరా చుట్టూ బిగించే కేజ్‌కు కట్టి బరువు పెంచుకోవచ్చు. మేం చేస్తున్నది అదే.

క్విక్ రిలీజ్ ప్లేటుతోనే (కెమెరా అడుగున బిగించి హెడ్ మీద పెట్టే పలక) అసలు చికాకు. ఒక్క పావు అంగుళం స్క్రూ మీద 70–200 లెన్సు నిలబెడితే, పాన్ మధ్యలో కెమెరా ప్లేటు మీద కొంచెం తిరుగుతుంది. ఎంత బిగించినా అంతే, ఎందుకంటే ప్లేటు మీది రబ్బరు ఎండకు మెత్తబడుతుంది. స్క్రూ పక్కన చిన్న పిన్ను ఉన్న ప్లేటు తీసుకోండి, లేదా లెన్సు చుట్టూ ఉండే కాలరుకు రెండు స్క్రూలతో బిగించండి. గోటితో కాదు, రూపాయి బిళ్లతో బిగించాలి.

కాళ్ల మీద ఫిర్యాదు తక్కువ. ఫ్లిప్ లాకుల్లోకి ఎర్రదుమ్ము పోయి పట్టు జారుతుంది, అంతే. వానాకాలం అయ్యాక మూడు కాళ్లూ ఊడదీసి పొడిగుడ్డతో తుడిచి, లాకు బోల్టును అలెన్ కీతో పావు చుట్టు బిగిస్తే సరి. నూనె మాత్రం వేయొద్దు, దుమ్ము దానికే అంటుకుంటుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి. వాన పడ్డాక కాళ్లు దిగిపోతాయి, కింద పెట్టడానికి మూడు చెక్కముక్కలు ఉంచుకోవాలి. వాలులో రెండు కాళ్లు కింది వైపు, ఒకటి పై వైపు. గిన్నె ఉన్న ట్రైపాడ్ కొనమనేది ఇందుకే: కాళ్ల పొడవు సరిచేస్తూ కూర్చోకుండా కింది నాబ్ వదులు చేసి మట్టం చూపే బుడగను మధ్యకు తేవచ్చు. మట్టం తప్పితే పాన్ మధ్యలో కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోతాయి.

దారి సంగతి. కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు, అక్కణ్ణుంచి నంద్యాల. పాలమూరు నుంచి రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. గాజులపల్లె దాటాక అడవి. రోడ్డూ, గుంటూరు–గుంతకల్లు లైనూ నల్లమలను దాటి గిద్దలూరు వైపు తేలతాయి. మధ్యలో చలమ, దిగువమెట్ట స్టేషన్లు, బొగద సొరంగం. (బొగద అంటేనే సొరంగం. పేరు అలాగే నిలిచిపోయింది.) మీటర్‌గేజ్ కాలంనాటి దొరబావి వంతెన ఇప్పుడు రైళ్లు లేకుండా అడవిలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అటు నడవొద్దు. నల్గొండ వాళ్లకు సాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా మార్కాపురం చేరి, తూర్పు నుంచి రావడం దగ్గర. తిరుగు ప్రయాణం దోర్నాల, శ్రీశైలం, మన్ననూరు మీదుగా పెట్టుకుంటే, అటవీ గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటాయని లెక్క వేసుకోండి. డబ్లింగ్ (రెండో లైను) పనుల వల్ల ఉపగ్రహ చిత్రంలో ఖాళీగా కనబడిన చోట మట్టికుప్ప ఉండొచ్చు. అక్కడికి వెళ్లి చూశాకే చోటు ఖాయం చేసుకోవాలి.

ఈ లైనులో ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా రాత్రే దాటిపోతాయి. పగలు గూడ్స్ బండ్లే దిక్కు, అవి ఏ యాప్‌లోనూ కనబడవు, పైగా అడవిలో సిగ్నల్ ఉండదు. రోడ్డు గేటు దగ్గర ఉంటే గేటు పడటమే కబురు. అప్పటికి కెమెరా ట్రైపాడ్ మీదే ఉండాలి. లైను తూర్పు పడమరలుగా పోతుంది కాబట్టి చలికాలంలో దక్షిణం వైపు నిలబడితే రోజంతా మీకు కనబడే బండి పక్క మీద వెలుగు ఉంటుంది. నచ్చిన చోటు దొరికితే కరెంటు స్తంభం మీది నంబరు రాసుకోండి. పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో వరుస సంఖ్య. మళ్లీ వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ఫోకస్ కూడా ఆ స్తంభం మీదే మాన్యువల్‌గా కట్టేయండి. సొరంగంలోంచి వచ్చే హెడ్‌లైటు చూసి ఆటోఫోకస్ తికమక పడుతుంది.

సెట్టింగులకు ఎక్కువ చెప్పేదేం లేదు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్5.6 కావాలంటే వెలుగును పదహారో వంతుకు తగ్గించే ఎన్‌డీ16 ఫిల్టరు సరిగ్గా సరిపోతుంది. ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. 100 ఎంబీపీఎస్‌లో 64 జీబీ కార్డు దాదాపు 85 నిమిషాలు వస్తుంది. ఎండాకాలం పది దాటాక పొడవాటి లెన్సుతో పట్టాల మీద తీస్తే ఎండమావులే, ఆ పూటకు కట్టిపెట్టడం మేలు.

ధ్వని మీద మాత్రం ట్రైపాడ్‌కు మార్కులు తక్కువ. హెడ్ తిరిగేటప్పుడు వచ్చే సన్నని కీచు, కెమెరా మీది మైకులోకి నేరుగా ఎక్కుతుంది. రికార్డరును వేరే చిన్న స్టాండు మీద, ఐదారు మీటర్ల దూరంలో, బొచ్చు తొడుగుతో పెట్టాలి. ఘాట్ గాలికి స్పాంజి తొడుగు ఆగదు. ఆటో గెయిన్ (ధ్వని స్థాయిని తనంతట తానే మార్చే అమరిక) ఆపేయండి, లేకపోతే హారన్ పడగానే లెవెల్ కిందికి దిగి, తర్వాతి మూడు నాలుగు సెకన్లు చక్రాల చప్పుడు మింగుడు పడిపోతుంది. గేటుకు సాధారణంగా 600 మీటర్ల ముందు విజిల్ బోర్డు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల బండి అక్కణ్ణుంచి గేటుకు 36 సెకన్లలో వస్తుంది. ఆ మొదటి కూతకు మీటరు మైనస్ 20 డీబీ కన్నా బాగా కింద ఆడేలా పెడితే, దగ్గరి కూతకు ధ్వని పగలదు.

తీగల్లో 25,000 వోల్టులు. మోనోపాడ్, మైకు కర్ర, సెల్ఫీ స్టిక్ ఏదీ తీగల కింద పైకెత్తొద్దు. రైల్వే హద్దులో దిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీంచి దొరికే ఫ్రేములే చాలు. స్టేషన్లో ట్రైపాడ్ విప్పితే ప్రశ్నలు తప్పవు. అడవిలో డ్రోన్ ఆలోచన మానేయండి. తినుబండారాలు బయట పెట్టొద్దు, కోతులు రికార్డరు బొచ్చు తొడుగును కూడా వదలవు.

అరకులో ఇదే హెడ్ ఇంకోలా ప్రవర్తిస్తుంది. సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ దగ్గర, డిసెంబరు తెల్లవారుజామున గ్రీజు గట్టిపడి పాన్ బరువెక్కుతుంది. డ్రాగ్ రెండు గీతలు తగ్గించాలి. చలిలోంచి వెచ్చని కారులోకి తెచ్చిన లెన్సు మీద తేమ కమ్ముతుంది, ఇరవై నిమిషాలు సంచిలోనే మూసి ఉంచండి. ఇనుప ఖనిజం బండి రెండు మూడు ఇంజన్లతో ఎక్కుతుంటే వచ్చే చప్పుడుకు, రికార్డరు గెయిన్ నల్లమల కన్నా ఇంకో ఆరు డీబీ తగ్గించుకోవాలి.

కొత్తగా కొన్నవాళ్లు మొదట మన్యంకొండ దగ్గర లైను పక్క రోడ్డు మీద నాలుగైదు బండ్లు తీసి చెయ్యి కుదుర్చుకోండి. సెకండ్ హ్యాండులో కొంటుంటే లాక్ పూర్తిగా బిగించి హ్యాండిల్ నొక్కి చూడండి, జారితే వదిలేయండి. ప్లేటు లేకుండా అమ్ముతుంటే అసలు కొనొద్దు, ఒక కంపెనీది ఇంకోదానికి పట్టకపోవచ్చు. అదనపు ప్లేటు ఒకటి, పావు అంగుళం స్క్రూలు రెండు, ట్యూబు రింగులు నాలుగు డ్యాష్‌బోర్డులో ఉంచుకోండి. ఎండకు రింగు ఆర్నెల్లకే పగుళ్లు తేలుతుంది.