డయాగ్రమ్ ఎడిటర్ కోడ్ కొనేవాళ్లూ, డెమో చూసి డబ్బు కట్టకండి

బాక్సులు పెట్టి గీతలతో కలిపే రెడీమేడ్ ఎడిటర్ కోడ్ ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. 6,500 రూపాయలు పోసి మేం కొన్నదాంట్లో తెరమీద కనిపించే గీత వేరు, సేవ్ అయ్యే గీత వేరు.

మాది నెల్లూరు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. ఆక్సిజన్ సెన్సార్ ఒక బాక్సు, ఏరియేటర్ ఒక బాక్సు. దేన్ని దేనికి కలపాలో రైతే వేలితో గీత లాగి చూపిస్తాడు. వనామీ రొయ్య వేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు పక్క గుంట ఏరియేటర్ తిరిగితే ఎవరికి లాభం?

టెస్టింగులో అచ్చం అదే జరిగింది. రెండో గుంట సెన్సార్ బాక్సు డిలీట్ చేశాం. తెరమీద దాని గీతా పోయింది. సేవ్ అయిన ఫైల్ తెరిస్తే గీత అలాగే ఉంది! పైగా గీత రాసుకునేది బాక్సు ఐడీ కాదు, సెన్సార్ల వరసలో అది ఎన్నోదో ఆ నంబరు. మధ్యలో ఒకటి పోగానే వెనకవన్నీ ఒక్కో స్థానం ముందుకి జరిగాయి. మూడో గుంట సెన్సార్ రెండో గుంట ఏరియేటర్‌కి తగులుకుంది, నాలుగోది మూడోదానికి. పేజీ రిఫ్రెష్ చేసేదాకా తెరమీద మాత్రం అంతా బ్రహ్మాండం.

ఫోన్‌లో ఇంకో తంటా. గీత లాగుతుండగా బ్రౌజర్ దాన్ని స్క్రోల్ అనుకుంటే వేలు ఎత్తారని చెప్పే పాయింటర్‌అప్ రాదు, లాగడం మధ్యలోనే ఆగిందని చెప్పే పాయింటర్‌క్యాన్సిల్ వస్తుంది. వీళ్ల కోడ్‌కి ఆ రెండోదాని సంగతే తెలీదు. సగం గీత వేలాడుతూ ఉండిపోయి, తర్వాత ఎక్కడ తాకితే అక్కడ అతుక్కుంటుంది.

అమ్మినవాళ్లని అడిగితే ముందు "క్యాష్ క్లియర్ చేయండి సార్" అన్నారు. ఫైల్ స్క్రీన్‌షాట్ పంపాక "మీరు కోడ్ మార్చి ఉంటారు" అన్నారు. డౌన్‌లోడ్ అయ్యాక రీఫండ్ లేదట, ఆ ముక్క మాత్రం పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

కొనేముందు డెమోలోనే నాలుగు జతలు కలిపి, మధ్యలో ఒక బాక్సు తీసేసి, సేవ్ అయ్యే డేటాని జేసన్ అనే టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. పోయిన బాక్సు పేరుతో గీత మిగిలి ఉన్నా, ఐడీల బదులు వరస నంబర్లు ఉన్నా వదిలేయండి. అన్‌డూ కొడితే బాక్సూ గీతా రెండూ కలిసే తిరిగి రావాలి. ఎక్స్‌పోర్ట్ బటనే లేకపోతే ఇక చూడాల్సిన పని కూడా లేదు.

మేం ఇప్పుడు ఇలాంటి ఎడిటర్లు కట్టుకునే రియాక్ట్ ఫ్లో అనే లైబ్రరీకి మారుతున్నాం. ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, లైబ్రరీకి పైసా కట్టక్కర్లేదు. గీత సోర్స్, టార్గెట్ బాక్సుల ఐడీలతోనే ఉంటుంది. సెన్సార్‌ని సెన్సార్‌కే కలపబోతే ఆపడానికి ఈజ్‌వ్యాలిడ్‌కనెక్షన్ అనే చెక్ ఉంది. కీబోర్డుతో బాక్సు డిలీట్ చేస్తే దాని గీతల్నీ అదే తీసేస్తుంది. మన కోడ్‌లో మనమే బాక్సుని లిస్టులోంచి తీసేస్తే మాత్రం గీతలు కూడా మనమే తీయాలి, అది మర్చిపోకండి. పాత ఎడిటర్‌లో సేవ్ చేసిన ఫైళ్లని ఇందులోకి తెచ్చుకోవట్లేదు, గీతలన్నీ మళ్లీ మొదటినుంచి కలుపుతున్నాం.