శక్తులు వచ్చినా ఇంటి కట్టుబాట్లు తప్పని అమ్మాయి: ‘మిస్ మార్వెల్’ మొదటి సంపుటి

అతీత శక్తులు పొందిన పిల్లల కథల్లో చాలావరకు, శక్తి వచ్చిన మరుక్షణమే ఇల్లూ బడీ కథలోంచి తప్పుకుంటాయి. మార్వెల్ సంస్థ 2014లో మొదలుపెట్టిన ‘మిస్ మార్వెల్’ కామిక్స్‌లో అలా జరగదు. తొలి 5 సంచికలను కలిపి తెచ్చిన ‘నో నార్మల్’ సంపుటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

కథానాయిక కమలా ఖాన్‌కు 16 ఏళ్లు. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబంలో పుట్టింది. రాత్రి పార్టీకి వెళ్తానంటే తండ్రి ఒప్పుకోడు. ఆమె చెప్పకుండా కిటికీలోంచి దిగి వెళ్తుంది. అక్కడ చిన్నబుచ్చుకుని వెనుదిరిగిన సమయంలో ఊరంతా వింత పొగమంచు కమ్ముకుని, ఒంటిని సాగదీసుకునే, కుదించుకునే, రూపం మార్చుకునే శక్తి ఆమెకు వస్తుంది. ఆ మంచులో కనిపించిన మహావీరులు ఆమెతో ఉర్దూలో, మధ్యయుగపు సూఫీ కవి అమీర్ ఖుస్రో పదాలతో మాట్లాడతారు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల లోపల ఇంటి భాష ఎంత లోతుగా నాటుకుని ఉంటుందో ఆ ఒక్క పేజీ చెబుతుంది.

శక్తి రాగానే ఆమె తాను ఆరాధించే మహావీరురాలు ‘కెప్టెన్ మార్వెల్’ కెరోల్ డాన్వర్స్‌లా, తెల్లని మేనితో, బంగారు రంగు జుట్టుతో మారిపోతుంది. తీరా ఆ రూపం దక్కాక జుట్టు మొహాన పడుతుంది, బూట్లు కాళ్లను నొక్కుతాయి, చాలీచాలని దుస్తులు ఇబ్బంది పెడతాయి. నీళ్లలో మునిగిపోతున్న తోటి విద్యార్థిని జోయీని కాపాడి ఇల్లు చేరితే, ఇంత రాత్రి ఎక్కడికి వెళ్లావని అమ్మానాన్నలు నిలదీసి, బయటికి కదలకుండా కట్టడి చేస్తారు. ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, వాళ్లు ఊహించలేరు. ఇరువైపులా న్యాయం ఉన్న ఈ ఘర్షణను రచయిత్రి జి. విల్లో విల్సన్ ఎవరినీ తక్కువ చేయకుండా నడిపిన తీరు ప్రశంసనీయం. సంపాదకురాలు సనా అమానత్ స్వయంగా న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ అమెరికన్. ఆ ఇంటి మాటల్లో, అలకల్లో కనిపించే నిజాయితీకి అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఆడ్రియన్ ఆల్ఫోనా బొమ్మలను తొందరపడి చూడకూడదు. కమల స్నేహితుడు బ్రూనో పనిచేసే దుకాణంలోని అరల్లో, బడి నడవాల్లో ఆయన చిన్నచిన్న చమత్కారాలను దాచిపెట్టారు. ఇయాన్ హెరింగ్ రంగులు కంటిని గుచ్చకుండా మెత్తగా ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. కమల ఇంట్లోని మనుషులకు దక్కిన లోతు జోయీ పాత్రకు దక్కలేదు. ఇన్వెంటర్ అనే ప్రతినాయకుడు ఈ సంపుటిలో ఇంకా నీడగానే ఉంటాడు, అందువల్ల పోరాట ఘట్టాలు ఇంటి ఘట్టాలంత బలంగా లేవు. అయినా 2015లో ఈ సంపుటికి ఉత్తమ గ్రాఫిక్ కథ విభాగంలో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం రావడం సముచితమే.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. పార్టీలో మద్యం, దుకాణంలో తుపాకీ పేలడం వంటి సన్నివేశాలు ఉన్నాయి కనుక హైస్కూలు వయసు పిల్లలకు ఇవ్వడం మంచిది. అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు తామూ చదివితే, పార్టీకి వద్దన్న తండ్రి వైపు నుంచీ, కిటికీ దిగిన కూతురి వైపు నుంచీ ఆలోచించవలసి వస్తుంది. ఇన్వెంటర్ కథ రెండో సంపుటిలో గానీ ముగియదు కాబట్టి, వీలైతే రెండూ కలిపి కొనండి.