డిప్‌స్టిక్ టెంపరేచర్ మీటర్: ఆయిల్ ఎంత కాగిందో కాదు, ఎంత కాగలేదో చూడటానికి

ఎయిర్ కూల్డ్ (గాలితోనే చల్లబడే) బైకులో ఆయిల్ పోసే మూతను, అంటే మట్టం చూసే పుల్ల ఉండే డిప్‌స్టిక్‌ను తీసేసి, దాని స్థానంలో బిగించే గుండ్రటి మీటర్ ఇది. పైన ముల్లు తిరిగే డయల్, కింద ఆయిల్‌లో మునిగే సన్నటి రాడ్. రెండు వేర్వేరు లోహాలను అతికించి చుట్టిన స్ప్రింగు లోపల ఉంటుంది. వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగడంతో అది మెలితిరిగి ముల్లును కదుపుతుంది. బ్యాటరీ, వైరు గొడవ లేదు. ఇంజన్ ఎక్కడ సీజ్ అవుతుందోనన్న భయంతో చాలామంది దీన్ని కొంటారు. ఆ పనికి ఇది అంతంతమాత్రమే. ఆయిల్ ఇంకా చల్లగానే ఉందని చెప్పడంలోనే దీని విలువంతా.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అందులో చాలావరకు ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి, కాలిన గ్యాసుతో పాటు ఇంజన్ కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. అక్కడ చల్లటి లోహం ఎక్కడ తగిలితే అక్కడ చెమర్చి, గేర్లు చిలికిన చిలుకుడుకి ఆయిల్‌లో కలిసి మీగడలా అవుతుంది. రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండ్లకు ఈ బెడద ఎక్కువ. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల (ఫిన్స్) మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కాబట్టి ఇంజన్ వేడెక్కిందనుకుంటాం. సిలిండర్‌కి నాలుగైదు నిమిషాలు చాలు, నిజమే. కింద ఉన్న ఆయిల్‌కి మాత్రం పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. చలికాలంలో ఇంకా ఎక్కువ. ముల్లు 50 దగ్గర నిలబడి ఉంటే ఆ తేడా కళ్లకు కడుతుంది.

60 డిగ్రీల లోపే ఆపేసే ప్రయాణాల్లో నీరు చేరుతుందే తప్ప పోదు. అలాగని ఆయిల్ 100 దాకా కాగాల్సిన అవసరమూ లేదు. 80 దాటి ఓ అరగంట నడిస్తే నీరు ఆవిరై, క్రాంక్‌కేస్ గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపులోంచి వెళ్లిపోతుంది. 90 నుంచి 110 మధ్య ఇంజన్ హాయిగా ఉంటుంది. 130 దాటి అక్కడే ఉండిపోతే ఆయిల్ తొందరగా పాడవుతుంది, మినరల్ ఆయిలైతే మరీను. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి నిలబెట్టే అలవాటు ఎంత చేటో ఈ మీటరు పెట్టాక తెలుస్తుంది. ముల్లు కాస్త లేస్తుంది, అంతే. నీరు మాత్రం కొత్తగా చేరుతుంది, కాలని పెట్రోలు కూడా ఆయిల్‌లోకి దిగుతుంది. నెలల తరబడి బండి ఆపేస్తుంటే ఒకసారి బాగా నడిపి, వేడిమీదే ఆయిల్ మార్చి పెట్టెయ్యడం మేలు.

కొనేటప్పుడు డయల్ అందం కాదు, మర చూడాలి. ఎం20 (20 మిల్లీమీటర్ల మర) సైజులోనే 1.5 పిచ్, 2.5 పిచ్ రెండూ ఉన్నాయి; పిచ్ అంటే మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. తప్పు పిచ్‌ది తెస్తే మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి, రెండో చుట్టుకి అల్యూమినియం కవరు మరను కొరికేస్తుంది. రాడ్ పొడవు ఇంకా ముఖ్యం. పాత డిప్‌స్టిక్‌ను పక్కన పెట్టి, ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా వేసే రబ్బరు రింగు) కూర్చునే అంచు నుంచి కొలవండి. కొత్తది పాతదానికన్నా పొడవుంటే క్లచ్ బాస్కెట్‌కో గేరుకో తగులుతుంది. పొట్టిదైతే గాలిని కొలుస్తుంది.

బిగించే ముందు ఒక పరీక్ష తప్పదు. గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా రాడ్ మూడింట రెండొంతులు మునిగేలా, అడుగు తగలకుండా ఐదు నిమిషాలు పట్టుకోండి. సముద్ర మట్టం దగ్గరైతే 100 చూపాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ తగ్గించి లెక్కేసుకోవాలి. మూడు డిగ్రీల తేడా ఫర్వాలేదు. పది తేడా వస్తే వాపసు ఇచ్చెయ్యండి. తర్వాత తడి పూర్తిగా తుడవాలి, ఆయిల్‌లో నీళ్లు ఉండకూడదని కొన్న వస్తువుతో మనమే నీళ్లు పొయ్యకూడదు కదా! ఓ-రింగ్‌కి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి, పానా వద్దు. టెఫ్లాన్ టేపు అసలొద్దు. దాని పీచు ఊడి ఆయిల్ జాలీకి అడ్డంపడుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్ వేడికి కొన్నాళ్లకు గట్టిపడుతుంది. వేడికి తట్టుకునే విటాన్ రబ్బరుది వేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక లోపాలు. డయల్ ఇంజన్ పక్కన, మోకాలికి దిగువన ఉంటుంది, నడుపుతూ చూడటం కుదరదు, చూడకూడదు కూడా. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ పైకి వెళ్లి కింద మట్టం తగ్గుతుంది. అప్పుడు రాడ్ కొసకు చిందే ఆయిలే తగిలి అంకె తక్కువ చూపుతుంది. బండి ఆపి, నిమిషం ఆగాక కనిపించేదే నమ్మదగ్గ అంకె. చవకరకాల్లో అద్దం లోపలే ఆవిరి పడుతుంది. సిలికాన్ ద్రవం నింపినవైతే ఆ పేచీ లేదు, వణుకుడుకి ముల్లు అదరదు కూడా.

మూత తీస్తే లోపలివైపు తెల్లటి మీగడ కనిపించిందని కంగారు పడొద్దు. కారులోలా హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కలిసిందనుకోవడానికి ఇక్కడ కూలెంటే లేదు. బయటి గాలి తగిలే మూత చల్లగా ఉంటుంది, ఆవిరి ముందు అక్కడే పేరుకుంటుంది. అసలు సంగతి అడుగున తెలుస్తుంది. రాత్రంతా నిలబెట్టిన బండికి ఉదయాన్నే డ్రెయిన్ బోల్ట్ వదులు చేసి, 30 మిల్లీలీటర్లు గాజు సీసాలో పట్టండి. నీరు బరువు కాబట్టి ముందు అదే వస్తుంది. సీసా అడుగున నీటి బొట్లు కనిపించినా, ఆయిలంతా పాలు కలిపిన టీ రంగుకు తిరిగినా మార్చెయ్యాల్సిందే. ప్రెషర్ వాష్ చేసిన మర్నాడే ఇలా కనిపిస్తే ఓ-రింగ్‌నీ బ్రీదర్ పైపునీ అనుమానించాలి.

బ్రీదర్ సరిగ్గా లేకపోతే ఈ మీటరు పెట్టీ లాభం లేదు. పైపు వంగిపోయినా, మీగడతో పూడినా ఆవిరికి దారి ఉండదు. ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతుంది. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ కింద వేలాడే చిన్న డ్రెయిన్ ట్యూబును పిండి చూడండి. అందులో తెల్లటి ద్రవం ఉంటే వంపెయ్యండి. ఆయిల్ కూలర్ తగిలించి, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని కూలర్‌లోకి వెళ్లనివ్వని థర్మోస్టాట్ పెట్టని బండ్లలో ముల్లు చలికాలం 70 కూడా దాటకపోవచ్చు, అప్పుడు కూలర్‌ను కొంత మూసెయ్యాలి.

రోజూ ఆగకుండా అరగంటపైన నడిచే బండికి ఇది అలంకారమే. దగ్గర దగ్గర పనులకు తిరిగే బండికీ, చలి ప్రాంతాల్లో నడిపేవాళ్లకూ కొనదగ్గదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, చాలా మీటర్ల రాడ్ మీద ఆయిల్ మట్టం గీతలు ఉండవు. పాత డిప్‌స్టిక్‌ను పారెయ్యకుండా టూల్ బాక్సులో ఉంచి, మట్టం చూడాల్సినప్పుడల్లా దాంతోనే చూడండి.