రెండడుగుల ట్యాంకులో కోరీలు: నాలుగున్నరేళ్ళు పెంచాక

"ఏంటమ్మాయ్, జెల్లల్ని పులుసు పెట్టుకోకుండా అద్దాల పెట్టెలో సాకుతున్నారా?" అన్నారు మా అత్తయ్యగారు మొదటిసారి చూసినప్పుడు. నవ్వాం గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మూతికి మీసాలు, అడుగున పాకులాట, చీకటి పడితే హుషారు. మన కాలవల్లో దొరికే జెల్లలు, ఇంగిలాయిలు, వాలుగలు ఏ కోవకి చెందుతాయో మా హాల్లో ఉన్న కోరీలూ (అక్వేరియంలో పెంచే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఆ కోవే. కాకపోతే వీటి సొంతూరు దక్షిణ అమెరికా. ఎంత మేపినా రెండున్నర, మహా అయితే మూడంగుళాలు. పులుసుకి చాలవు.

మాది విజయవాడ సింగ్ నగర్, రెండో అంతస్తు. ట్యాంకు పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు పదిహేనంగుళాలు. లెక్క ప్రకారం 70 లీటర్లు గానీ, ఇసుకా మొక్కలూ పోను నీళ్ళు 60కి మించవు. స్పాంజి ఫిల్టరు ఒకటి, ఎయిర్ పంపు ఒకటి. ఇంతే సరంజామా. ఇంత చిన్న ట్యాంకులో ఏ క్యాట్‌ఫిష్ నిలబడింది, ఏది నిలబడలేదు అనేదే చెప్తాను.

మొదట చేసిన తప్పు సక్కర్. 2019 చివర్లో ట్యాంకు కొన్నప్పుడే షాపతను "ఇదొకటి వేసుకోండి మేడం, అద్దాలు మొత్తం ఇదే క్లీన్ చేస్తది" అని రెండంగుళాల పిల్లని కవర్లో పెట్టిచ్చాడు. లాక్‌డౌన్‌లో మేం లావెక్కినట్టే అదీ ఎక్కింది. ఏడాది తిరిగేసరికి ఎనిమిదంగుళాలు. తిరగాలంటే తోకతో మొక్కలన్నీ పీకి పడేసేది. అది తిన్న పాచి కన్నా వేసిన రెట్ట ఎక్కువ. దారాల్లా వేలాడుతుండేది, చూస్తే అన్నం సహించేది కాదు. ఈ జాతి అడుగు దాటి పెరుగుతుందని నాకు అప్పటికి తెలీదు. పక్కింటాయన "రైవస్ కాలవలో వదిలేయండి, పుణ్యం" అన్నారు. వినకపోవడమే మంచిదైంది. ఇప్పుడు మన చెరువుల్లో, కాలవల్లో వలలు చించేస్తోందని జాలర్లు మొత్తుకుంటున్న డెవిల్ ఫిష్ దాని చుట్టమే. ఇలా ఇళ్ళలోంచి, ఫారాల్లోంచి బయటపడ్డ చేపే అంతా. చివరికి పెద్ద ట్యాంకున్న ఒకాయనకి ఊరికే ఇచ్చేశాం.

అలాంటిదే ఇంకోటి "షార్క్". వెండి రంగులో మిలమిలలాడుతూ పిల్లల్ని ఇట్టే లాగేస్తుంది. అది షార్కూ కాదు, గీర్కూ కాదు. కైకలూరు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే ఫంగస్ చేప పిల్లే. పెరగనిస్తే మీటరు దాటుతుంది. మావాడు దానికోసం షాపులో కూర్చుని ఏడ్చాడు, అయినా కొనలేదు.

కోరీలు 2021 జనవరిలో తెచ్చాం. కంచు రంగువి మూడు, తెల్లగా ఎర్రకళ్ళతో ఉండేవి మూడు. రెండూ ఒకే జాతి, రంగే తేడా. అప్పుడు ఒక్కోటి 50 రూపాయలు పడింది. చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయన్నాడు షాపతను. శాస్త్రవేత్తలు 2024లో ఈ కుటుంబాన్ని తిరగరాసి, కంచు కోరీని కోరిడోరస్ అనే ప్రజాతిలోంచి ఆస్టియోగాస్టర్ అనే ఇంకో ప్రజాతిలోకి మార్చారు. షాపులో మాత్రం కోరీ అంటేనే ఇస్తారు.

ఒకటీ రెండూ కొనకండి. ఆరు తీసుకోండి, కనీసం అయిదు. మా చెల్లెలు గుంటూరులో ఒక్కదాన్నే తీసుకెళ్ళి పెంచింది. అది మూల నక్కి ఫిల్టరు వెనక నుంచి బయటికొచ్చేదే కాదు. మావన్నీ ఒకదాని వెనక ఒకటి బడికెళ్ళే పిల్లల్లా తిరుగుతాయి.

అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది ఇసుక. అంతకుముందు అడుగున నీలం, ఎరుపు రంగు రాళ్ళు పోసి ఉండేవి. రెండు నెలలకి చూస్తే తెల్లవాటి మీసాలు అరిగి మొద్దులయ్యాయి. రాళ్ళ అంచుల గరుకూ, సందుల్లో కుళ్ళిన మేతా, రెండూ కలిసి చేసిన పని. ఎదురింట్లో స్లాబు పనికి తెచ్చిన కృష్ణ ఇసుక ఒక బకెట్టు అడిగి తెచ్చి, పిండి జల్లెడతో జల్లించి (దానికి అత్తయ్యగారి దగ్గర తిన్న చీవాట్లు వేరే కథ), పదిహేనుసార్లు కడిగి పోశాను. వేసిన పది నిమిషాలకే ఒకటి కళ్ళదాకా మూతి ఇసుకలో దూర్చింది. బుగ్గలు కదిలాయి, మొప్పల సందుల్లోంచి ఇసుక రెండు పక్కలా సన్నగా రాలింది. ఏదో దొరికింది కాబోలు, ఆగి కన్ను తిప్పింది. కన్ను కొట్టినట్టే ఉంటుంది అలా తిప్పితే. ఆ రోజు పప్పు మాడిపోయింది. మూడు నెల్లకి మీసాలు చాలావరకు తిరిగి పెరిగాయి.

"అడుగున మిగిలింది తిని బతికేస్తాయి" అన్న మాట నమ్మొద్దు. పైన గప్పీల్లాంటి చిన్న చేపలు ఉంటే అడుగుకి మిగిలేదేం ఉండదు. లైటు ఆర్పాక, మునిగే రకం బిళ్ళలు రెండు వేస్తాను. వారానికోసారి కీర దోసకాయ ముక్క ఉడికించి వేస్తే గప్పీలే ఎక్కువ తింటాయి, కోరీలకి అంత మోజు లేదు. మధ్యమధ్యలో రివ్వున పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ కిందకి పోతాయి. జబ్బేమో అని మొదట్లో భయపడ్డాను. అది వాటి అలవాటు, మింగిన గాలిలోంచి ఆక్సిజన్‌ని పేగే పీల్చుకుంటుంది. ఊరికే అలాగే వస్తూ పోతూ ఉంటే మాత్రం నీళ్ళు పాడైనట్టు.

ఇక మన ఎండ. బెజవాడలో చేపలు పెంచేవాళ్ళకి హీటరు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, చల్లబరిచేది ఎలాగో చెప్తే చాలు. మే నెలలో మా ట్యాంకు 33 డిగ్రీలు చూపించింది. కంచు కోరీలకి 22 నుంచి 26 హాయి. మూత తీసి వల పరిచి, చిన్న టేబుల్ ఫ్యాను నీటిమీదికి తిప్పి పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్ళు మాత్రం రోజూ తగ్గుతాయి, పోస్తుండాలి. ఐసు సీసాలు ఒకసారి వేశాను, గంటలో అయిదు డిగ్రీలు పడి అన్నీ బిగుసుకుపోయాయి, ఇంకెప్పుడూ వెయ్యలేదు. ఇంకో సంగతి, మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్ళు కాగులో నీళ్ళే. తెల్లారి అయిదింటికి పట్టి బకెట్లలో ఉంచి, క్లోరిన్ విరిచే చుక్కలు వేసి, సాయంత్రం మార్చేదాన్ని.

ఈ ఎండకే పాండా కోరీలు పోయాయి. నలుపూ తెలుపూ మచ్చలతో ముచ్చటగా ఉంటాయని 2023 ఫిబ్రవరిలో మూడు తెచ్చాను. అవి చల్లనీళ్ళ చేపలు. మే 20 దాటకుండానే మూడూ అయిపోయాయి. ఏసీ గదిలో పెట్టేవాళ్ళయితే సరే, నేను మాత్రం మళ్ళీ తేను. ఓటోలు (పాచి తినే బుల్లి క్యాట్‌ఫిష్‌లు) నాలుగు తెస్తే పది రోజుల్లో మూడు పోయాయి. నదుల్లోంచి పట్టి తెచ్చేవే ఎక్కువట, దారిలోనే కడుపు ఎండిపోయి వస్తాయి. కొత్త ట్యాంకులో వాటికి తినడానికి పాచి కూడా ఉండదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. కింద వాటా మునిగింది, కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. పంపు ఆగిపోయింది. రెండు గంటలకోసారి మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి ధారగా పోసేవాళ్ళం నేనూ మావాడూ, వంతులేసుకుని. మేత పూర్తిగా ఆపేశాం. "మనకి తాగడానికే లేవు, నువ్వు చేపలకి అభిషేకం చేస్తున్నావా?" అన్నారు అత్తయ్యగారు. పోసేది ట్యాంకులో నీళ్ళేనండీ అని చెప్పినా ఆవిడకి నమ్మకం కుదర్లేదు. పాల ప్యాకెట్లు పడవల్లో వచ్చే నాటికి గప్పీల్లో సగానికి పైగా పైకి తేలాయి. కోరీలు అయిదింటికి అయిదూ (ఒకటి అంతకుముందే ముసలై పోయింది) గుక్కలు మింగుతూ గడిపేశాయి. కరెంటొచ్చాక ఛార్జింగు పంపు ఒకటి కొన్నాను, ట్యాంకు ఖర్చుల్లో నాకు బాధ అనిపించనిది అదొక్కటే.

తర్వాత నెలలో, వాన కురిసిన రోజు కాస్త చల్లటి నీళ్ళు మార్చాక, అద్దం నిండా గుడ్లు పెట్టాయి. విడిగా డబ్బాలో వేసి, గాలి రాయి పెట్టి చూస్తే నాలుగో రోజు పిల్లలయ్యాయి. కోడిగుడ్డు పచ్చసొన వేశాను, డబ్బా నీళ్ళు కంపు కొట్టాయి. రెండే మిగిలాయి, ఇప్పుడు పెద్దవాటిలో కలిసి తిరుగుతున్నాయి, ఏది ఏదో నాకే తెలీట్లేదు.

కొనడానికి వెళ్తే ముందు మీసాలు చూడండి, తర్వాత పొట్ట. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత చవకైనా వద్దు. రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుంటాయి, లాగితే రెక్క చీలుతుంది, అందుకని చిన్న డబ్బాతో పట్టమనండి. కొంచెం విసుక్కుంటారు గానీ పడతారు. నల్ల తలమీద తెల్ల చుక్కలుండే స్టెర్బై కోరీ ఎండకి బాగా ఓర్చుకుంటుందని ఈమధ్య వెళ్ళి ధర అడిగాను. కంచు కోరీ కన్నా చాలా ఎక్కువ చెప్పాడు. ఆరు కావాలిగా మరి, లెక్కేసుకుని ఇంటికొచ్చేశాను.