గని పక్కన గూడు: కాపాడే మార్గాల్లో ఏది మేలు?

గని తవ్వకం సాగే చోట పక్షుల గూళ్లు ఉన్నాయని తేలినప్పుడు యాజమాన్యాలు సాధారణంగా మూడు మార్గాలను పరిశీలిస్తాయి. గూడు చుట్టూ కొంత మేర, కొంతకాలం పని ఆపడం మొదటిది. ఆ గూటినో, దానికి బదులుగా కృత్రిమ గూటినో మరోచోట అమర్చడం రెండవది. తవ్వకం ముగిశాక అదే నేలలో మళ్లీ అడవిని పెంచడం, లేదా పోయిన ఆవాసానికి పరిహారంగా వేరే భూమిని కాపాడటం మూడవది. నివేదికల్లో ఈ మూడింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పేర్చి, ఖర్చు తక్కువైన దానివైపు మొగ్గడం మామూలే. అయితే ఖర్చు లెక్కకు ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ గూడు పోతే అలాంటిది మళ్లీ ఏర్పడటానికి ఎంతకాలం పడుతుంది? దీనికి జవాబు దొరికితే మూడు మార్గాల్లో ఏది పనికొస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

శాండ్ మార్టిన్ అనే చిన్న పక్షి సంగతి చూద్దాం. ఇది నిట్టనిలువుగా ఉన్న ఇసుక ఒడ్డులో దాదాపు అర మీటరు నుంచి మీటరు లోతు వరకు బొరియ తవ్వుకొని గుడ్లు పెడుతుంది. వరదకు కొత్తగా కోసుకుపోయిన నది ఒడ్డు దీని సహజ నివాసం కాగా, క్వారీలో యంత్రం కోసిన గోడ కూడా దీనికి అంతే నచ్చుతుంది. పాత బొరియల్లో రక్తం పీల్చే పురుగులు చేరతాయి కనుక, ఒడ్డు ఎప్పటికప్పుడు తాజాగా కోసి ఉండటమే దీనికి మేలు. ఉత్తర అమెరికాలో ఈ పక్షుల సంఖ్య బాగా పడిపోవడంతో కెనడా 2017లో దీనిని ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చింది. అంత తగ్గిపోయిన పక్షి విషయంలో కూడా గనికీ గూటికీ పొత్తు కుదురుతుంది. పని జరిగే గోడలనూ ఇసుక గుట్టలనూ గూళ్లు కట్టే కాలానికి ముందే వాలుగా దిద్దేస్తే పక్షి వాటి జోలికి రాదు. యంత్రాలు తిరగని మూలలో ఒక గోడను నిలువుగా వదిలి, ఏటా పక్షులు రాకముందే దాని ముఖాన్ని కొంత గీకి ఉంచితే అక్కడ స్థిరపడుతుంది. చిక్కల్లా సెలవు రోజుల్లోనే వస్తుంది, ఎందుకంటే రెండు రోజులు కదిలించకుండా వదిలిన ఇసుక గుట్టలో తిరిగి వచ్చేసరికి బొరియలు మొదలై ఉండవచ్చు, గుడ్లు పెట్టాక ఆ గుట్టను ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి సాయంత్రం పని ముగించేటప్పుడు గుట్ట వాలును సరిచేయడం లోడర్ నడిపేవారి దినచర్యలో భాగం కావాలి.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నవి చెట్టు తొర్రల్లో గూడు పెట్టే పక్షులు. నైరుతి ఆస్ట్రేలియాలో జారా అనే యూకలిప్టస్ జాతి చెట్ల అడవుల కింద అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్ ఉంది. ఆ అడవుల్లోని పెద్ద చెట్ల తొర్రల్లో నల్ల కాకటూలు అనే పెద్ద చిలుక జాతి పక్షులు పిల్లలను పెంచుతాయి. తవ్విన నేలను పూడ్చి, తీసిన పై మట్టిని నిల్వ పెట్టకుండా వెంటనే పరిచి విత్తనాలు చల్లితే అక్కడ అడవి తిరిగి మొలుస్తుంది. కొన్నేళ్లకే కాకటూలు ఆ కుర్ర చెట్ల మీద మేతకు వాలతాయి కూడా. అది చూసి పునరుద్ధరణ ఫలించిందని ప్రకటించడం తొందరపాటు అవుతుంది. అంత పెద్ద పక్షి పట్టే తొర్ర ఏర్పడాలంటే చెట్టుకు నూరేళ్లకు పైగా, తరచుగా రెండు వందల ఏళ్లు కూడా వయసుండాలి. తొర్ర ఆకారంలో చేసిన గొట్టపు గూళ్లను ఈ నల్ల కాకటూల్లో ఒక రకమైన కార్నబీ కాకటూలు వాడుకుంటున్న మాట నిజమే. కానీ వాటిని ఎవరో ఒకరు మరమ్మతు చేస్తూనే ఉండాలి, గని మూతపడ్డాక ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో అనుమతి పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఇలాంటి చోట ఆ చెట్లున్న మేరను తవ్వకం హద్దు నుంచి తప్పించడమే సరైన మార్గం, మిగతా రెండూ దానికి తోడు మాత్రమే కాగలవు.

గద్దలు, డేగల వంటి వేట పక్షులు ఈ రెండు కొసలకూ నడుమ ఉంటాయి. గోల్డెన్ ఈగిల్ ఒకే ప్రాంతంలో కొన్ని గూళ్లు కట్టుకొని వాటిని ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడుకుంటుంది. అందుకే అమెరికాలోని వయోమింగ్ బొగ్గు గనుల్లో గూళ్లను ఎత్తైన వేదికల మీదికి మార్చినప్పుడు వాటిని పక్షులు అంగీకరించిన సందర్భాలున్నాయి. అయినా మార్చడం కంటే పని ఆపడమే నమ్మదగినది, దానికి స్పష్టమైన కొలతలూ ఉన్నాయి: బాల్డ్ ఈగిల్ కోసం అమెరికా ప్రభుత్వం 2007లో వెలువరించిన మార్గదర్శకాలు గూళ్లు నడిచే కాలంలో అర మైలు, అంటే సుమారు 800 మీటర్ల లోపల బ్లాస్టింగ్ (రాతిని పేల్చడం) చేయవద్దని సూచించాయి.

గూళ్లు కట్టే కాలానికి ముందే చెట్లు నరికేసి, ఆ తర్వాత గుడ్లూ పిల్లలూ లేని నేలలో పని చేయడం చాలా గనులు పాటించే పద్ధతి. చట్టానికి ఇది సరిపోతుంది, ఆ ఏటి గుడ్లు కూడా దక్కుతాయి. కానీ తిరిగి వచ్చిన పక్షికి గూడు పెట్టుకునే చోటు మిగలదు. అందుచేత దీనిని పని వేళల సర్దుబాటుగా లెక్కించాలి తప్ప ఆవాస రక్షణగా చూపకూడదు.

గూళ్లకు ఎంత భద్రత కల్పించినా పక్కనే విషపు నీరు నిలిచి ఉంటే ఫలితం దక్కదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1982లో మూతపడిన బర్క్‌లీ పిట్ రాగి గని గొయ్యి ఆమ్లం, లోహాలు కలిసిన నీటితో నిండింది. 1995లో అందులో వాలిన స్నో గీస్ పెద్దబాతులు 342 చనిపోగా, 2016 నవంబరులో వలసలో ఉన్న గుంపులు దిగినప్పుడు వేలల్లో చనిపోయాయి. అప్పటికే అక్కడ తుపాకీ శబ్దాలతో పక్షులను బెదరగొట్టే ఏర్పాటు ఉంది, కానీ ఒకేసారి అన్ని వేల పక్షులు వాలితే అది చాలలేదు. అందుకే ఖనిజం నుంచి బంగారం తీయడానికి వాడిన సైనైడ్ విషం కలిసిన నీరు నిలిచే బంగారు గనుల చెరువుల విషయంలో బెదరగొట్టడాన్ని ఆఖరి ఉపాయంగానే చూడాలి. చిన్న చెరువులకు వల కప్పడం, తేలే ప్లాస్టిక్ బంతులతో నీటి ముఖాన్ని మూయడం అంతకంటే మెరుగు. పెద్ద చెరువుకు వల నిలవదు, గాలికీ మంచు బరువుకూ చిరుగుతుంది, చిరిగిన వల తానే ఉచ్చవుతుంది. అక్కడ ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లు దగ్గరే సైనైడ్‌ను విచ్ఛిన్నం చేసి, ఆమ్లంతో తేలికగా విడివడే సైనైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకుండా చూసి నీటిని వదలడమే మేలు. అంతర్జాతీయ సైనైడ్ నిర్వహణ నియమావళి ఆ హద్దు దాటిన నీటికి పక్షులు, జంతువులు చేరకుండా అడ్డు పెట్టాలంటుంది.

తవ్వకం మొదలు కాకముందే జరిగే నష్టం కూడా ఒకటుంది. అమెరికాలోని నెవాడాలో ఖనిజ హక్కుల హద్దులకు పాతిన బోలు ప్లాస్టిక్ గొట్టాల్లోకి తొర్ర అనుకొని దూరిన చిన్న పక్షులు నునుపైన లోపలి గోడ ఎక్కి రాలేక చనిపోతుండేవి. దాంతో 2011 నవంబరు నుంచి, మూత లేని అలాంటి గొట్టాన్ని ఎవరైనా పీకి ఆ పక్కనే పడుకోబెట్టవచ్చని ఆ రాష్ట్ర చట్టం అనుమతిస్తోంది.