పదిహేనేళ్ల కారు: ఉంచుకోవాలా, మార్చాలా? చిత్తూరు వాళ్లకు ఏది మేలు?

మా వ్యాగన్ ఆర్ ఆర్సీ గడువు దగ్గరపడినప్పటి నుంచీ ఇంట్లో ఇదే చర్చ. 2011లో కొన్న బండి, ఏపీ 03 నంబరు. చిత్తూరులో ఇల్లు, బంగారుపాళ్యం దగ్గర మామిడితోట, పలమనేరులో అత్తగారిల్లు. మా కారు తిరిగే లోకం ఇంతే. పదిహేనేళ్లలో 68,000 కిలోమీటర్లు తిరిగింది. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు ఆఫీసుకు పోయిరావడానికే రోజుకు 50 కిలోమీటర్లు తిప్పుతాడు. వాడి కారు ఐదేళ్లకే 80,000 దాటింది. చట్టం మాత్రం రెండింటినీ పుట్టిన తేదీ చూసే కొలుస్తుంది. నాకు మొదటి నుంచీ మింగుడుపడనిది ఇదే.

ముందు ఒక భయం తీర్చాలి. పదిహేనేళ్లు దాటితే కారు తుక్కే అని మన దగ్గర చాలామంది నమ్ముతున్నారు. ఆ భయంతోనే మా వీధిలో ఒకాయన నిక్షేపంలాంటి బండిని అగ్గువకు అమ్మేసుకున్నాడు. ఆ కఠినమైన నియమం ఢిల్లీ చుట్టుపక్కలది. 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని ఖాయం చేసింది. చలికాలం వస్తే ఊపిరాడని ఊరది, అక్కడ అలాంటి నియమం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. మన దగ్గర సొంత కారైతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి, బాగుందంటే ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఆ గడువు ముగిశాక మళ్లీ ఇంకో ఐదేళ్లు.

కాకపోతే ఫీజు మండిపోతోంది. 2022 ఏప్రిల్‌కు ముందు కారు రెన్యువల్‌కు 600 రూపాయలు ఉండేది, ఒక్కసారిగా 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. దీనికి గ్రీన్ ట్యాక్స్ అదనం. తక్కువ తిరిగే బండికీ, రోజంతా పొగ కక్కే బండికీ ఒకటే ఫీజు వేస్తే అది గాలి కోసం వేసినట్టు నాకు అనిపించదు. పాతది వదిలించుకునేలా మనిషిని నెట్టడానికే వేసినట్టుంది.

అయినా లెక్క లెక్కే. మేం ఏడాదికి 4,500 కిలోమీటర్లు తిరుగుతాం. మా బండి లీటరుకు 15 ఇస్తోంది, అంటే 300 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 33,000. కొత్త చిన్న కారు 22 ఇస్తుందనుకుందాం, 205 లీటర్లు చాలు, 22,500 అవుతుంది. ఏడాదికి మిగిలేది 10,000 పైచిలుకు. అదే కొత్త కారుకు షోరూములో చెప్పిన ఆన్ రోడ్ ధర ఆరున్నర లక్షలు. ఐదు లక్షలు లోను తీసుకుంటే ఐదేళ్లపాటు నెలకు 10,000 పైనే కంతు కట్టాలి. ఏడాది పొడుగునా మిగిలే పెట్రోలు డబ్బు ఒక్క నెల కంతుకు సరిపోతుంది. మా పాత కారుకు ఎక్స్చేంజిలో 40,000 అన్నారు. తోతాపురి ధర పడిపోయిన ఏడాదిని చూసినవాణ్ణి, తోట మీద నమ్మకంతో ఐదేళ్ల అప్పు నెత్తికెత్తుకోలేను.

ఇక పాత బండిలో లోపం లేదా అంటే ఉంది. పోయిన నెల స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంటే మురకంబట్టు దగ్గరి మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆ అబ్బాయి పెట్రోలు పైపు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. జానెడు రబ్బరు ముక్క. వంచితే పైన సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి, వేలితో రుద్దితే నల్లటి పొడి అంటుకుంది. "ఇది పాత పెట్రోలుకు చేసిన పైపన్నా. ఇప్పుడొచ్చే పెట్రోలుకు తట్టుకోదు" అన్నాడు.

ఇప్పుడొచ్చే పెట్రోలంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపినది. 2030కి చేరాలనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025కే అందుకున్నారు. దానికి తట్టుకునే పైపులు, వాషర్లతో బండ్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు కొన్న కోట్లాది బండ్ల వాళ్లం ఏం చేయాలి? మామూలు బంకులో వేరే పెట్రోలు అడిగితే దొరకదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ తగ్గుతుంది, ధర మాత్రం తగ్గలేదు. చెరకు రైతుకు మేలంటారు. ఆ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. మా చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది, గాజులమండ్యం ఫ్యాక్టరీదీ అదే గతి. మేలు ఏ ఊరి రైతుకు అందుతోందో గానీ మా దగ్గర చెరకు వేసేవాళ్లకు బెల్లం గానుగే దిక్కు. మాకు మిగిలిన ఊరట ఒక్కటే. పలమనేరు దాటి కర్ణాటకలోని నంగిలి దాకా పోయినా, ఇటు తమిళనాడులో కాట్పాడి వైపు క్రిస్టియన్‌పేట దాటినా లీటరు ఆరు రూపాయలకు పైగా తక్కువ. సరిహద్దు దగ్గర ఉన్నవాళ్లందరం అక్కడే ట్యాంకు నింపుకుంటాం.

అలాగని కొత్త కార్లన్నీ కంపెనీల మోసమని నేననను. వాటిలో కాదనలేని మేలు ఉంది, అది ప్రాణానికి సంబంధించింది. మా బండికి ఒక్క ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఏబీఎస్ 2019లో, ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు ఆ తర్వాతి మూడేళ్లలో తప్పనిసరి అయ్యాయి. అవి మంచి నియమాలు. అయితే అదే ప్రాణం విషయంలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. ఆ ఏడు అక్టోబరు అన్నారు, తర్వాత 2023 అక్టోబరు అన్నారు, ఆఖరికి తప్పనిసరి చేయబోమన్నారు. చిన్న కార్ల ధర పెరుగుతుందని కంపెనీలు గట్టిగా వాదించాయి. గడువు కావాలంటే కంపెనీకి దొరికింది. నా కారుకు సరిపడని పెట్రోలుకు, నా ఫీజుకు ఎవరూ గడువు అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

నాలుగు మీటర్ల కథా అలాంటిదే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న ఇంజిన్ కార్లకు సుంకం తగ్గించారు. అంతే, డిక్కీ కోసుకుని మరీ సెడాన్లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు 2025 సెప్టెంబరు నుంచి ఆ కొలత లోపలి వాటికి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. ముగ్గురు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్లు ఉన్న పల్లెటూరి కుటుంబానికి ఏ బండి కావాలన్నది ఈ కొలతల్లో ఎక్కడా లేదు.

ఎలక్ట్రిక్ కారు సంగతి కొద్దిలో చెప్తాను. జీఎస్టీ 5 శాతమే, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర కూడా పడదు. తిరుపతిలో సొంత ఇల్లుండి రోజూ రేణిగుంట, శ్రీసిటీ వైపు పోయొచ్చేవాళ్లకు అదే మేలని నా నమ్మకం. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కి దిగుతూనే ఉన్నాయి, కొండకు పనికిరాదన్న అపోహ వద్దు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు మాత్రం పార్కింగ్‌లో ఛార్జర్‌కు అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. మాలాగా తక్కువ తిరిగేవాళ్లకు అంత పెట్టుబడి తిరిగిరాదు. బ్యాటరీ తయారీలో వెలువడే కాలుష్యం లోటు కూడా ఎక్కువ తిరిగితేనే పూడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో నాలుగైదేళ్ల బండి ఇంకో దారి. ఐతే 2023కు ముందుదైతే పెట్రోలు తంటా దానికీ ఉంటుంది. కర్ణాటక నుంచి తెచ్చుకుంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ), మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్. ధర తక్కువని ఆశపడేముందు ఆ రెండూ కలిపి చూసుకోవాలి.

మా అల్లుడు రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి ఆరు లైన్ల రోడ్డు మీద పోయొస్తాడు. రాత్రి తొమ్మిదికి తిరుగు ప్రయాణం, పక్కన లారీలు. అతనికి కొత్త కారే తీసుకోమని చెప్పాను, అదీ ఆరు ఎయిర్‌బ్యాగులున్నదే, కారును గుద్దించి భద్రత ఎంతో తేల్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో వచ్చిన స్టార్లు చూసి మరీ. "మామా, మీరూ తీసుకోండి, ఇద్దరికీ కలిపి బేరమాడదాం" అన్నాడు. మా ఇద్దరి అవసరం ఒకటి కాదు. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు దాటనివాళ్లు, పగటిపూట ఊళ్ల మధ్య మెల్లగా తిరిగేవాళ్లు ఇంజిన్, ఫ్లోరు, బ్రేకులు గట్టిగా ఉన్నంతకాలం పాతది ఉంచుకోవడమే మేలు. రోజూ హైవే ఎక్కేవాళ్లు మార్చాల్సిందే, అక్కడ డబ్బు లెక్క చూడొద్దు.

మేం రెన్యువల్‌కే మొగ్గాం. పైపులు, వాషర్లు అన్నీ మార్పించాను, 3,200 అయింది. నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. మొగిలి ఘాట్ రాత్రిపూట ఎక్కకూడదని, తిరుమలకైతే అలిపిరిలో బండి పెట్టి బస్సే ఎక్కాలని ఇంట్లో ఒప్పందం. ఆర్టీవో ఆఫీసులో సోమవారానికి స్లాట్ దొరికింది. ఆదివారం సాయంత్రం బండి కడిగి, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు డాష్‌బోర్డులో పెట్టుకోవాలి.