పుట్టుమచ్చ తీయించుకునే ముందు, తీసేది ఎవరో చూసుకోండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు పుట్టుమచ్చలు, పులిపిర్లు తీయించుకోవాలని స్కిన్ సెంటర్లు వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెళ్లి కుదిరిన పిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పకుండా చదవండి. ఫోన్‌లోనే ప్యాకేజీ రేటు చెప్పి, "పది నిమిషాల పని, మరక కూడా ఉండదు" అనే చోట అడ్వాన్స్ కట్టకండి. మా చెల్లెకు ఏం జరిగిందో చెబుతాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు. వాళ్ల పేరు కన్నా, వాళ్లు పని చేసిన తీరు తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

చెల్లెకు ఎడమ దవడ కింద చిన్నప్పటి నుంచి ఒక పుట్టుమచ్చ ఉంది. ఈమధ్య అది కొంచెం పెరిగింది, ఒక పక్క అంచు మిగతా భాగం కన్నా నల్లబడింది. మెడ మీద మా అమ్మకు ఉన్నట్టే చిన్న చిన్న నల్ల బుడిపెలు కూడా ఉన్నాయి. పెళ్లికి ముందే అన్నీ ఒకేసారి తీయించుకుందామని ఇన్‌స్టాలో ఆఫర్ చూసి, అమ్మను తోడు తీసుకుని వెళ్లింది.

అక్కడ తెల్ల ఏప్రాన్ వేసుకున్న ఒకామెను అందరూ 'డాక్టర్ మేడం' అంటున్నారు. ఆమె మచ్చలను పరీక్షించలేదు, లెక్కపెట్టింది. ఒక్కోదానికి ఇంత అని కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించింది. ఎప్పటి నుంచి ఉంది, రంగు మారిందా, దురద పెడుతుందా, రక్తం కారిందా, దెబ్బ తగిలి మానాక చర్మం ఉబ్బుతుందా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా? వీటిలో ఒక్కటీ అడగలేదు. "ఇది ఈమధ్యనే పెరిగింది మేడం" అని చెల్లె తనంతట తాను చెప్తే, "అందుకే కదమ్మా తీసేస్తున్నం" అన్నదట.

తిమ్మిరి క్రీమ్ రాసిన కాసేపటికే కరెంటు మెషిన్‌తో కాల్చడం మొదలుపెట్టింది. ఆ క్రీమ్ సరిగ్గా పనిచేయాలంటే రాసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి దాదాపు గంట ఉంచాలి. లేదంటే మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలి. పిల్ల నొప్పితో చెయ్యి గట్టిగా పట్టుకుంటే అమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెడ మీది బుడిపెలనూ, దవడ కింది పుట్టుమచ్చనూ ఒకే తీరుగా కాల్చేశారు. చివరికి చిన్న తెల్ల డబ్బాలో ఏదో క్రీమ్ చేతికిచ్చారు. దాని మీద మందు పేరు లేదు, కంపెనీ లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. బిల్లు మీద 'స్కిన్ సర్వీస్' అన్న మాట, మొత్తం, ఒక ముద్ర మాత్రమే ఉన్నాయి. డాక్టర్ పేరు ఎక్కడా లేదు.

మెడ మీదివి మానాయి, గోధుమరంగు మరకలు మిగిలాయి. దవడ కింద మాత్రం చీము పట్టింది. అది మానేటప్పుడు చర్మం గట్టిగా ఉబ్బెత్తుగా లేచింది, మధ్యలో నలుపు చారలు చారలుగా మళ్లీ కనపడింది. ఫోన్ చేస్తే, "సెకండ్ సిట్టింగ్‌కు రండి, డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు.

మేం అక్కడికి వెళ్లలేదు, చర్మవ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టర్ గారు డెర్మోస్కోప్ పెట్టి చూశారు. అది లైటు ఉండే చిన్న భూతద్దం, చర్మం లోపలి రంగు ఎలా పరుచుకుందో దానిలో తెలుస్తుంది. చూసి అడిగిన మొదటి ప్రశ్న: "తీసిన ముక్క ఏది? బయాప్సీకి పంపిండ్రా?"

ముక్కే లేదు. అది మెషిన్ కింద కాలిపోయింది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, దయచేసి అర్థం చేసుకోండి. మరక పడటం, డబ్బు పోవడం దీని తర్వాతి సంగతులు. పెరిగిన, రంగు మారిన పుట్టుమచ్చ మామూలుదా, మెలనోమా అనే చర్మ క్యాన్సరా అన్నది ఆ ముక్కను మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. కాల్చేస్తే ఆ సాక్ష్యం పోతుంది. పైగా అడుగున మిగిలిన కణాల నుంచి మచ్చ మళ్లీ పుట్టినప్పుడు వంకరటింకరగా పెరుగుతుంది. అది మంచిదే అయినా మైక్రోస్కోప్ కింద క్యాన్సర్‌లా కనిపించి ముక్కను పరీక్షించే పాథాలజిస్టును కూడా తికమక పెట్టగలదట. అందుకే డాక్టర్ గారు మా దగ్గర పాత ఫొటోలు అడిగారు. నిశ్చితార్థం ఫొటోల్లో ఒకటి దొరికింది. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి, మచ్చ ముందు ఎలా ఉండేదో, ఎప్పుడు కాల్చారో ల్యాబ్‌కు పంపే కాగితం మీద వివరంగా రాశారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మచ్చను పూర్తిగా కోసి తీసి, కుట్లు వేశారు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి చెల్లె పేరు రాసి మా ముందే మూత పెట్టారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ కాదని వచ్చింది. కానీ దవడ కింద మరక ఉండిపోయింది. మళ్లీ ఉబ్బితే అందులోకే ఇంజెక్షన్లు చేయాలని, కొన్ని నెలలు గమనించాలని చెప్పారు.

మచ్చలన్నీ ప్రమాదం అని నేను అనడం లేదు. మెడ మీద, బుగ్గల మీద వచ్చే చిన్న నల్ల బుడిపెలు మనవాళ్లలో చాలామందికి ఉంటాయి, వాటితో హాని లేదు. చూసి గుర్తుపట్టగలిగిన డాక్టర్ వాటిని కరెంటుతోనో లేజర్‌తోనో తీస్తే తప్పు లేదు. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, వాటి వైద్యం వేరు. మంగు మచ్చలు కాల్చేవే కావు. ఏది ఏదో తేల్చడమే డాక్టర్ చేయాల్సిన మొదటి పని. పుట్టుమచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోయినా, అంచు చెదిరినట్టున్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, అన్నిటికన్నా ముఖ్యంగా ఈమధ్య మారుతూ ఉన్నా ముందు పరీక్ష జరగాలి. మెలనోమా మన దేశంలో అరుదే. వచ్చినప్పుడు మాత్రం అరికాలిలో, అరచేతిలో, గోరు కింద నల్లని గీతలా కనపడటం ఎక్కువ. పొలం పని చేసే పెద్దవాళ్లు అరికాలి మచ్చను ముల్లు గుచ్చిన గాయం అనుకుని ఊరుకుంటారు. ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి వాళ్ల కాళ్లు చూడండి.

ఇంటి వైద్యం కూడా చేయకండి. ఊళ్లలో ఇప్పటికీ సున్నం, సోడా కలిపి పెడుతుంటారు, జీడి రసం చుక్క వేస్తుంటారు. రెండూ చర్మాన్ని కాల్చేవే, మచ్చ ఏమిటో తెలియకుండా పోయేది అక్కడా అంతే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటే, బోర్డు మీద పేరు ముందు 'డాక్టర్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. పళ్ల డాక్టర్ పేరు ముందూ ఆ మాట ఉంటుంది. ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల కోర్సు అయిన డీవీఎల్‌లో ఎండీ గానీ, డిప్లొమా గానీ, డీఎన్‌బీ గానీ ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నిబంధనల ప్రకారం ఆ నంబరు క్లినిక్‌లో కనపడేలా పెట్టాలి, మందుల చీటీ మీదా రసీదు మీదా ఉండాలి. దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. నంబరు అడిగితే ముఖం మాడ్చుకునే చోటు నుంచి లేచి వచ్చేయండి. మచ్చ కోసే పని అయితే, "ముక్క ల్యాబ్‌కు పంపుతారా, రిపోర్టు మా చేతికిస్తారా?" అని ముందే అడగండి. ఖర్చు భయం ఉంటే వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. లైన్‌లో నిలబడాలి, నిజమే, కానీ అక్కడ చూసేది చర్మవ్యాధుల డాక్టర్లు. పెళ్లికి వారం ముందు మాత్రం ఎక్కడా తీయించుకోకండి. మన చర్మం రంగుకు గాయం మానాక నల్లమరక కొన్ని నెలలు ఉండటం మామూలే, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది.

పేరు లేని క్రీమ్ డబ్బాలు అస్సలు వాడకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే ముందు తెల్లగా మెరిసినట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. చెల్లె డబ్బాను మేం పారేయకుండా కవర్‌లో కట్టి దాచాం.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ)కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయాలి, మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. రిజిస్టర్డ్ డాక్టర్ అయితే, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, కాబట్టి రాసి అడగండి.

బిల్లు, యూపీఐ స్క్రీన్‌షాట్, వాళ్ల ఆఫర్ మెసేజ్, గాయం ఫొటోలు తేదీలతో సహా దాచండి. మా ఫిర్యాదుకు అవే ఆధారం. హనుమకొండలో ఇలాగే డాక్టర్ పేరు లేని 'స్కిన్ సర్వీస్' బిల్లు మీ దగ్గరా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఎవరికి ఏం రాశామో కాపీ పంపుతాను.